పలక మీద నాలుగు

ఆ మైదానంలో పిల్లలు నడిపే బళ్ళు ఎనిమిది. ఎనిమిదీ ఒకే రోజు ఒకే లారీలో దిగాయి. అన్నిటిదీ ఒకటే ఎరుపు, ఒకటే ఎత్తు. నేలకి జానెడు పైన సీటు, అన్నం పళ్ళెమంత స్టీరింగు, వీపు వెనక గుర్రుమనే చిన్న ఇంజను. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లా ఉండేవి. ఏది ఏదో తెలియాలంటే ముక్కు మీద తగిలించిన నంబరు బిళ్ళ చూడాల్సిందే.

వచ్చిన పిల్లల్లో సగం మందికి ఏడో నంబరే కావాలి. ఏడు అన్నిటికన్నా వేగంగా పోతుందని ఎవడో ఎప్పుడో అన్నాడు. ఆ మాటకి కాళ్ళొచ్చాయి. “అన్నిటి వేగానికీ ఒకే కళ్ళెం బిగించాను, ఏడు ఎక్కువా పోదు, మూడు తక్కువా పోదు” అని మెకానిక్కు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వినే నాథుడు లేడు.

మెకానిక్కుకి అక్క ఒకావిడ అక్కడే పనిచేసేది. పిల్లలకి హెల్మెట్లు పెట్టడం ఆవిడ పని. అందరూ టోపీలక్క అనేవారు. “ఇంతమందికి టోపీలు పెట్టి కూడా ఒక్కరి చేత తిట్టు తినని మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను” అని ఓనరు వారానికోసారి అనేవాడు. ఆయనకి తెలిసిన హాస్యం అదొక్కటే. ఆవిడ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది.

టోపీతో ఆవిడ పని అయిపోయేది కాదు. గడ్డం కింద పట్టీ బిగించి, అందులో రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూసేది. బండిలో కూర్చోబెట్టి నడుముకి బెల్టు వేసేది. ఆ తరవాత వంగి, పిల్లల పాదాలు రెండూ తన చేతులతో పట్టుకుని పెడళ్ళ మీద పెట్టేది. “ఎడమ కాలు ఆపడానికి, కుడి కాలు పోవడానికి. ఏదీ, చెప్పు.” పాఠం అప్పజెప్పించుకున్నాకే పక్కకి తప్పుకునేది.

ఏడో నంబరు కోసం ఏడ్చేవాళ్ళకి ఆవిడ దగ్గర ఒక మందు ఉండేది. బిళ్ళ రెండు క్లిప్పుల మీద నిలుస్తుంది. లాగితే ఊడుతుంది, నొక్కితే అంటుకుంటుంది. ఏడో బండి పెట్రోలుకో గాలికో ఆగినప్పుడు దాని బిళ్ళ తీసి పక్క బండికి పెట్టి, పక్క బండి బిళ్ళ దీనికి పెట్టేది. ముక్కు చీదుకునేలోగా ఏడుపు ఆగేది. ఏది దేనితో మార్చిందో మనసులో ఉంచుకుని, మూసే వేళకి ఏ బిళ్ళ ఆ బండికి చేర్చేది. నాలుగేళ్ళుగా జరుగుతున్నదే. ఈ సంగతి తరచూ వచ్చే పిల్లలకి తెలుసు. ఓనరుకి తెలియదు. తమ్ముడికి తెలిస్తే ఊరుకునే రకం కాదు కాబట్టి అతనికీ చెప్పలేదు.

ప్రతి ఆదివారం వచ్చే వాళ్ళలో ఒక బడి బస్సు డ్రైవరు, అతని కూతురు ఉండేవారు. పదేళ్ళ పిల్ల, మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు, ఒక ఆట అయ్యేదాకా పెద్దగా మాట్లాడదు, అయ్యాక ఆపదు. తల్లి ఎప్పుడూ రాలేదు. ఆవిడకి ఇంజన్ల చప్పుడు పడదట.

“ఇంట్లో రెండు ఇటుకలు పెట్టి నేర్పిస్తున్నానక్కా” అని డ్రైవరు ఒకసారి కంచె అవతల నుంచి చెప్పాడు. “ఎడమ ఇటుక బ్రేకు, కుడి ఇటుక యాక్సిలరేటరు. మొన్న అలవాటులో నోరుజారి, బ్రేక్కీ కుడికాలే అనేశాను. బస్సులో అంతే కదా మాకు.”

“మరి?”

“మరేముంది, నీకు లైసెన్సు ఎవరిచ్చారు నాన్నా అంది.”

“సరిగ్గానే అడిగింది. మా ఓనర్నీ అడగమనాలి.”

డ్రైవరు చాలాసేపు నవ్వాడు. కూతురు తనని తిట్టిన సంగతి చెప్పుకోవడం అతనికి పండగలా ఉండేది.

ఆ శనివారం జనం ఎక్కువ. మధ్యాహ్నం ఏడో బండిలో పెట్రోలు అయిపోయి పక్కకి వచ్చింది. అప్పుడే ఒక పిల్లవాడు నేల మీద దొర్లుతూ ఏడు కావాలన్నాడు. టోపీలక్క ఏడు బిళ్ళ తీసి నాలుగో బండికి పెట్టింది, నాలుగు బిళ్ళ ఏడో బండికి పెట్టింది. పెట్రోలు పోశాక ఏడో బండి ఆ నాలుగు బిళ్ళతోనే తిరిగింది. సాయంత్రం దాకా మళ్ళీ మార్చడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ కాలేదు.

గేటు మూశాక తమ్ముడు రోజూ చేసినట్టే ఎనిమిది బళ్ళనీ ఒక్కొక్క చుట్టు తిప్పి చూశాడు. ఒకదాని నుంచి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పెడల్‌ని చేత్తో నొక్కాడు. ఆ బండి ముక్కు మీద నాలుగు ఉంది.

“అక్కా, నాలుగోదానికి బ్రేకు ఆయిలు కారుతోంది. లోపల రబ్బరు పోయినట్టుంది. రేపు పొద్దున్నే పక్క ఊరెళ్ళి తెస్తాను. దాన్ని తియ్యనివ్వకు.”

“పలక మీద రాసిపో. నీ మాట ఎవరు నమ్ముతారు.”

అతను షెడ్డు గోడకున్న పలక మీద సుద్దతో రాశాడు. 4, బ్రేకు, తియ్యవద్దు.

“నీ రాతకన్నా ఈ బళ్ళు నేల మీద గీసే గీతలే నయం రా.”

“నువ్వు చదివావు కదా, చాలు” అని నవ్వి, చేతులు కడుక్కుని, వెళ్ళిపోయాడు.

ఆవిడ హెల్మెట్లు లోపల తుడిచి, సైజుల వారీగా అరలో పెట్టింది. తాళం తీసుకుని బయటికి రాబోతుంటే బిళ్ళల సంగతి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి, ఏడు బిళ్ళ ఏడో బండికీ నాలుగు బిళ్ళ నాలుగో బండికీ పెట్టింది. తమ్ముడు తొక్కి చూసిన బండి ముక్కు మీద ఇప్పుడు ఏడు ఉంది. ఆ ఆలోచన ఆవిడకి రాలేదు. పలక మీద నాలుగు అని ఉంది, నాలుగు ఏదో తనకి తెలుసు. చక్కబెట్టవలసింది చక్కబెట్టానని తేలికపడి తాళం వేసింది.

ఆదివారం పొద్దున తమ్ముడు రబ్బరు కోసం ఊరెళ్ళాక ఆవిడే నాలుగో బండిని గోడవారకి నెట్టి, స్టీరింగుకి తాడు కట్టింది. ఏడో బండి అయిదు ఆటలకి వెళ్ళింది, అయిదు సార్లూ క్షేమంగా వచ్చింది. ఆయిలు కొంచెం కొంచెంగా కారుతూ ఉండి ఉంటుంది.

మధ్యాహ్నం, తమ్ముడు ఇంకా తిరిగి రాకముందే, డ్రైవరు, కూతురు వచ్చారు. పిల్ల బండి ముక్కు వంక అనుమానంగా చూసి, టోపీలక్క చెవి దగ్గరికి వచ్చింది.

“ఇవాళ నిజం ఏడా, తగిలించిన ఏడా?”

“నిజం ఏడే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

బెల్టు వేసి, పాదాలు పట్టుకుని పెడళ్ళ మీద పెట్టింది. పిల్ల అడక్కుండానే పాఠం అప్పజెప్పింది.

మూడో చుట్టులో, తిన్నగా ఉన్న దారి చివర, మలుపు దగ్గర, బండి వేగం తగ్గలేదు. అక్కడ పాత టైర్లు వరసగా పేర్చి కట్టి ఉంటాయి. టైర్ల వెనక ఇనప స్తంభం ఉంది. చప్పుడు పెద్దదేం కాదు. మిగతా పిల్లలు ఇంకో సగం చుట్టు తిరిగాక గానీ ఆగలేదు.

అందరికన్నా ముందు టోపీలక్కే చేరింది. పిల్ల ఎడమ కాలు బ్రేకు పెడల్ మీద ఉంది. పెడల్ నేలకి ఆనుకుపోయి ఉంది, బూటు దాని సందులో ఇరుక్కుంది. ఆవిడ బూటు విప్పి కాలు బయటికి తీసింది. అప్పటికి డ్రైవరు కంచె దూకి వచ్చాడు.

పిల్ల రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, మూడో రోజు పోయింది.

ఓనరు తన గదిలో తలుపు వేసి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఏడో బండి షెడ్డులో పరదా కింద ఉంది. ముందు భాగం నుజ్జయి, బ్రేకు గొట్టం తెగి, ఆయిలంతా పోయింది. దెబ్బకి ముందు అందులో ఎంత ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.

“ఈ పలకే మన ప్రాణం కాపాడింది” అన్నాడు ఓనరు. పలకని ఫోటో తీసి పెట్టుకున్నాడు. “నాలుగు పాడైంది, నాలుగు పక్కన పెట్టాం. మన పద్ధతి మనం పాటించాం. ఏడుకి ఏ జబ్బూ లేదు. పాప కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కింది. పాపం, ఎవరి తప్పూ కాదు. వచ్చే వారం శనివారం విచారణకి అధికారి వస్తారు. తెలిసింది చెప్పండి, తెలియంది కల్పించకండి.”

మెకానిక్కు బయటికి వచ్చి, గోడవారనున్న నాలుగో బండి తాడు విప్పి, అందులో కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడల్ రాయిలా నిలబడింది. మళ్ళీ తొక్కాడు. లేచి పలక దగ్గరికి వెళ్ళి, తన రాతని చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున వంటింట్లో అక్క టీ పోస్తుంటే అడిగాడు. ముందు గదిలో వాళ్ళ తల్లి మంచం మీద ఉంది. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, లేచి నడవలేదు.

“అక్కా, నాకు కళ్ళు పోతున్నాయేమో. నాలుగు కానిదాన్ని నాలుగని రాశాను.”

“నీ కళ్ళకేం కాలేదు. నువ్వు చూసినప్పుడు దాని మీద నాలుగే ఉంది.”

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి మొత్తం చెప్పింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఎన్నాళ్ళుగా?” అన్నాడు.

“నాలుగేళ్ళు.”

“ఎందుకు?”

“పిల్లలు ఏడుస్తున్నారని.”

అతను టీ ముట్టుకోలేదు. గొంతు తగ్గించి మాట్లాడాడు. “ఇది చెప్తే నిన్నొక్కదాన్నే పట్టుకుంటారనుకుంటున్నావా? బ్రేకు లేని బండికి గొలుసు వెయ్యకుండా, పలక మీద ఒక ముక్క గీకి ఊరెళ్ళినవాణ్ణి నన్నేం చేస్తారు? ఇద్దరం లోపలికి పోతే అమ్మకి మంచినీళ్ళు ఎవరిస్తారు?”

“నాకూ తెలుసు.”

“నీ నోట్లో నువ్వుగింజ నానదంటారు అందరూ. ఈ ఒక్క గింజ నాననివ్వు. చెప్తే ఆ పిల్ల లేచొస్తుందా?”

“రాదు.”

“మరి?”

“సరే అన్నాను కదా” అంది. అప్పటిదాకా సరే అనలేదు. అదే మొదటిసారి అనడం.

ఆ పై వారం గురువారం మైదానం గేటు ముందు ఖాళీ బడి బస్సు ఆగింది. డ్రైవరు యూనిఫారంలోనే దిగాడు. పిల్లల్ని బడి దగ్గర దించి నేరుగా వచ్చినట్టున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా గుండీలు మాత్రం ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు.

“పాప బూటు ఒకటి ఇక్కడ ఉండిపోయిందక్కా. మా ఆవిడ అడిగింది. అంటే నాతో అనలేదు, వాళ్ళ చెల్లెలితో చెప్పించింది.”

ఆవిడ హెల్మెట్ల అర కింది నుంచి బూటు తీసి ఇచ్చింది. తుడిచి, లేసు ముడివేసి ఉంచింది. అతను దాన్ని తిప్పి చూశాడు.

“ఎడమది” అన్నాడు.

“అవునన్నా.”

“అందరికన్నా ముందు మీరే చేరారు కదా. పాప కాలు దేని మీద ఉంది?”

షెడ్డులో తమ్ముడు రెంచీతో ఏదో బిగిస్తున్న చప్పుడు ఆగింది.

“చూడలేదన్నా.”

అతను తలాడించాడు. అలాంటి జవాబే వస్తుందని ముందే అనుకున్నట్టున్నాడు.

“కుడికాలని నేను ఒక్కసారే అన్నానక్కా. వెంటనే దిద్దింది కూడా. దిద్దింది కదా అనుకుంటాను. కంగారులో మనిషికి ఏ మాట గుర్తొస్తుందో ఎవరికి తెలుసు. తండ్రి మాటే గుర్తొచ్చి ఉంటుంది.” బూటుని చంకలో పెట్టుకున్నాడు. “మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. తప్పు పట్టలేను. ఇటుకలు ఇంకా గదిలో అలాగే ఉన్నాయి, ఆవిడ తియ్యదు, నన్ను తియ్యనివ్వదు.”

“కూర్చో అన్నా.”

“కూర్చోను. మళ్ళీ ట్రిప్పు ఉంది. ఇవాళ బ్రేకు తొక్కాల్సి వచ్చిన ప్రతిచోటా వంగి కాలు చూసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. వెనక నలభై మంది పిల్లలు. నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తాను, ఇక నావల్ల కాదు.”

బస్సు వెళ్ళిపోయేటప్పుడు అతను మలుపుకి చాలా ముందే బ్రేకు వేశాడు. రోడ్డు ఖాళీగానే ఉంది.

ఆ రెండు రోజులూ టోపీలక్క ఇంట్లో పని మామూలుగానే చేసింది. తల్లికి స్నానం చేయించింది, బట్టలు ఉతికింది. తమ్ముడు ఆవిడ ముఖం చూసి అడగబోయి, ఊరుకున్నాడు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాడు.

శనివారం అధికారి వచ్చాడు. లావుగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఓనరు గదిలో బల్ల ముందు కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. ఓనరు, అక్క, తమ్ముడు ఒక వైపు. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతని భార్య లోపలికి రానంది. ఆవరణలో సిమెంటు బల్ల మీద కూర్చుంది. కిటికీలోంచి ఆవిడ వీపు కనపడుతోంది.

అధికారి నివేదిక చదివాడు. నాలుగో బండి బ్రేకు లోపం వల్ల ముందురోజే పక్కన పెట్టబడినదనీ, ఏడో బండిలో లోపమేదీ గుర్తించబడలేదనీ, బాలిక బ్రేకుకి బదులు యాక్సిలరేటరు నొక్కి ఉండవచ్చుననీ. డ్రైవరు తల వంచుకుని విన్నాడు.

“అంతేనా?” అన్నాడు అధికారి. “అయితే అందరూ ఇక్కడ సంతకాలు పెట్టండి.”

ఓనరు పెట్టాడు. కలం టోపీలక్క ముందుకు వచ్చింది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

“సార్, అది నిజం కాదు. బ్రేకు లేనిది ఏడో బండికే.”

“ఆవిడ మనసు బాగాలేదండీ” అన్నాడు ఓనరు వెంటనే. “పాప అంటే ప్రాణం ఆవిడకి. పది రోజుల నుంచి తిండి లేదు.”

“తిండి తింటూనే ఉన్నాను సార్” అంది టోపీలక్క. “ప్రమాదానికి ముందురోజు ఏడో బండికి నాలుగు బిళ్ళ పెట్టింది నేను. మా తమ్ముడు ఆ బిళ్ళ చూసి పలక మీద నాలుగు అని రాశాడు. వాడు వెళ్ళాక నేను బిళ్ళలు మళ్ళీ మార్చాను. వాడికి తెలియదు. మర్నాడు మంచి బండిని తాడుతో కట్టేసి, పాడైన బండిలో పాపని కూర్చోబెట్టాను.”

అధికారి కాగితాన్ని పక్కకి జరిపి, కొత్తది తీశాడు. “బిళ్ళలు ఎందుకు మార్చారు?”

“పిల్లలందరికీ ఏడే కావాలి సార్.”

“దీనికి సాక్ష్యం?”

ఆవిడ దగ్గర సాక్ష్యం లేదు. అధికారి మెకానిక్కు వైపు తిరిగాడు. “మీరు చెప్పండి. ఆ సాయంత్రం మీరు చూసిన బండి నాలుగోదేనా?”

మెకానిక్కు తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ళ కింద నలుపు ఎంత కడిగినా పోనిది. అవునంటే ఆ మాటతో అంతా అయిపోతుంది. ఓనరు అతని వంకే చూస్తున్నాడు. అక్క చూడటం లేదు.

“నాలుగని రాసి ఉన్న బండి సార్” అన్నాడు చివరికి. “గోడవార ఉన్న నాలుగోదానికి బ్రేకు గట్టిగా ఉంది. నేను తొక్కి చూశాను. మీరూ తొక్కి చూడండి. అది బ్రేకు పోయిన బండి కాదు. అక్క చెప్పిందే జరిగి ఉంటుంది.” కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. “గొలుసు వెయ్యాల్సింది. వెయ్యలేదు.”

అధికారి రాసుకుంటున్నాడు. కలం చప్పుడు వినపడుతోంది.

డ్రైవరు కిటికీ వదిలి బల్ల దగ్గరికి వచ్చాడు. “అయితే పాప తొక్కింది” అన్నాడు.

“తొక్కిందన్నా. ఎడమకాలితో. నేల తగిలేదాకా తొక్కింది. కాలు నేనే తీశాను.”

“మొన్న అడిగితే చూడలేదన్నారు.”

“అబద్ధం చెప్పాను.”

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. కొడతాడేమోనని తమ్ముడు ముందుకు వంగాడు. డ్రైవరు చెయ్యి బల్ల అంచు పట్టుకుని ఉంది, అలాగే ఉండిపోయింది.

“సరిగ్గానే తొక్కింది” అన్నాడు తనలో తను. “ఎన్నిసార్లు తొక్కి ఉంటుందో.”

అతను తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు.

కిటికీలోంచి అంతా కనపడుతోంది. అతను సిమెంటు బల్ల పక్కన గొంతుక్కూర్చుని భార్యకి చెప్పాడు. మాటలు వినపడలేదు. చెబుతూ చెబుతూ తన ఎడమ పాదం మీద చెయ్యి వేసి చూపించాడు. తరవాత ఆవిడ చెయ్యి చాచి ఇవాళా తప్పు కాజాల్లో పెట్టుకున్న అతని చొక్కా గుండీలు విప్పి, దేనికి దాన్ని సరిగా పెట్టింది. మూడు గుండీలు పెట్టి, మధ్యలో వదిలేసి లేచింది.

“ఇక్కడికే వస్తున్నట్టుంది” అన్నాడు ఓనరు. “అధికారి గారూ, కాస్త తలుపు...”

“ఉండనివ్వండి” అన్నాడు అధికారి.

తమ్ముడు అక్క మోచెయ్యి పట్టుకున్నాడు. “వెనక గది నుంచి దారి ఉంది” అన్నాడు చిన్నగా. ఆవిడ అతని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంది.

పాప తల్లి గుమ్మంలో నిలబడింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి, ఎవరెవరో ఆవిడకి తెలియదు. ఓనర్నీ అధికారినీ చూసింది, మెకానిక్కుని చూసింది, చేతుల్లో ఏమీ లేకుండా కూర్చున్న ఆడమనిషిని చూసింది.

“మా పాపకి బెల్టు వేసింది ఎవరు?” అంది.

టోపీలక్క లేచి నిలబడింది.